తాతగారి సైకిల్ వెనక చక్రం ఎడమకి రాసుకుంటోంది: వంకర చక్రానిదా, ఫ్రేముదా?

కాలవగట్టు
మాది కొత్తపేట దగ్గర పల్లె. తాతగారి నల్ల హెర్క్యులిస్ సావిడిలోంచి బయటికి తీశాను. డబుల్ బారు, రాడ్ బ్రేకులు, 28 × 1½ టైర్లు. లంకలోంచి రావులపాలెం మార్కెట్‌కి అరటిగెలలు తోలిన బండి ఇది. ఆయన పోయాక 18 ఏళ్లుగా పశువుల పక్కన గోడకి ఆనించి ఉంది. తుప్పు గీకి, గ్రీజు మార్చి, కొత్త టైర్లు వేయించాను. అంతా బాగుంది కానీ వెనక చక్రం మధ్యలో ఉండట్లేదు. పెడళ్ల వెనక, ఎడమ గొట్టానికి టైరు రాసుకునేది. ఎక్కి తొక్కితే బండి ఎడమకి లాగుతుంది.

మా ఊరి షాపులో రిమ్ము బెండు తీసి కుడికి జరిపారు. రాపిడి తగ్గింది, కానీ ఇప్పుడు వెనక బ్రేకు రబ్బర్లు ఒకటి రిమ్ముకి తగులుతోంది, ఒకటి సగం గాల్లో ఉంటోంది. ఎడమకి లాగడం మాత్రం పోలేదు. ఇంకో షాపులో ఫ్రేము పోయింది, కొత్త ఫ్రేము వేసేయమన్నారు. కొత్త ఫ్రేము వేస్తే అది తాతగారి సైకిల్ ఎలా అవుతుంది? వంకర ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి? ఇంట్లో సరిచేయగలమా?

పుల్లల పని
ముందు వెనక నట్లు చూడు. పాత బండ్లలో సగం ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి. చైను లాగుడంతా కుడి పక్కనే. కుడి నట్టు వదులైతే ఇరుసు కుడి కొస ముందుకి జారుతుంది, చక్రం ముందు భాగం ఎడమకి తిరుగుతుంది, ఎడమ గొట్టానికి రాసుకుంటుంది. నువ్వు చెప్పిన లక్షణం అచ్చం అదే. వాషర్ల మీద గరుకు అరిగిపోయిందేమో తీసి చూడు.

కొబ్బరాకు
అదే సమస్య నాకూ వచ్చింది. 2 వాషర్లు మార్చితే పోయింది. ఫ్రేము దాకా వెళ్లకండి.

లేత్ మాస్టారు
పుల్లల పని గారు చెప్పింది మొదట చూడాల్సిందే. కానీ అక్కడితో ఆగొద్దు. తమ్ముడి బండి చేతులు వదిలితే పక్కకి లాగుతోంది, బరువులు మోసిన బండి, పైగా రిమ్ము ఒకసారి జరిపారు. ఇన్ని కలిసి ఉన్నప్పుడు వేటి వాటా ఎంతో విడదీయాలి. దానికి డబ్బు ఖర్చు లేదు.

బండి తిరగేసి సీటు మీద నిలబెట్టు. టైరు తీసేయి, రిమ్ముతోనే పని. ఇరుసుని గాడుల్లో రెండు పక్కలా ఒకే లోతుకి కూర్చోబెట్టి నట్లు బిగించు. పెడళ్ల వెనక, కింది గొట్టాల మధ్య, రిమ్ముకి అటూ ఇటూ ఎంత సందు ఉందో స్కేలుతో కొలిచి రాసుకో. తర్వాత చక్రం విప్పి, కుడి ఎడమలు మార్చి, అంటే ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రం) ఎడమకి వచ్చేలా, మళ్లీ అదే లోతుకి బిగించి అదే చోట కొలువు. చైనుతో పని లేదు.

మార్చినప్పుడు రిమ్ము అవతలి పక్కకి అంతే దూరం వెళ్తే తప్పు చక్రానిది. ఎటు పెట్టినా ఒకే పక్కకి అంతే ఉంటే తప్పు ఫ్రేముది. రెండింట్లోనూ తప్పు ఉంటే అంకెలు వేరువేరుగా వస్తాయి. అవి ఇక్కడ పెట్టు, లెక్క చెప్తాను.

ఇరుసు వంగి ఉంటే ఈ కొలత అబద్ధం చెప్తుంది. చక్రం విప్పినప్పుడు ఇరుసుని వేళ్లతో తిప్పుతూ కొస చూడు. కొస గుండ్రంగా ఊగితే ఇరుసు వంకర, ముందు అది మార్చాలి.

కొలిమి వీధి
ఇంత లెక్క ఎందుకండి. మా నాన్నగారి రోజుల్లో మండపేటలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఫ్రేము నేల మీద పెట్టి, కాలు వేసి, ఒక్క ఊపు. 5 నిమిషాల్లో తిన్నగా వచ్చేది. మొండిగా ఉంటే కొలిమిలో ఎర్రగా కాల్చి వంచేవాడు.

లేత్ మాస్టారు
ఆయన కాలు వేసి తీసేవాడంటే నమ్ముతాను. అలాంటి చేతులు నేనూ చూశాను, వాళ్లకి కన్నే కొలత. రోజుకి పది బండ్లు చూసిన కన్ను అది. మనం ఏడాదికి ఒకటి చూస్తాం కాబట్టి మనకి స్కేలు కావాలి.

కాల్చడం మాత్రం ఒప్పుకోను. ఈ ఫ్రేముల గొట్టాలు సాకెట్లలో దూర్చి ఇత్తడి కరిగించి అతికించినవి. అతుకు దగ్గర ఎర్రగా కాలిస్తే ఆ పట్టు పాడవుతుంది, కాలిన చోట గొట్టం మెత్తబడుతుంది. ఇనుప గొట్టం చల్లగా ఉండగానే వంగుతుంది. చల్లగానే వంచాలి.

గోదారి గాలి
నాది అల్యూమినియం గేర్ల సైకిల్. దానికీ ఇదే పనిచేస్తుందా?

లేత్ మాస్టారు
కొలవడం వరకూ చేయండి. వంచడం మాత్రం వద్దు. అల్యూమినియం వంచితే పగులుతుంది, ఇవాళ కాకపోతే రేపు, మీరు దాని మీద ఉన్నప్పుడు. ఇక్కడ చెప్పేదంతా ఉక్కు గొట్టాల ఫ్రేముకే.

కాలవగట్టు
కొలిచాను. ఇరుసు తిన్నగానే ఉంది. కుడి వాషరు మీద గరుకు పూర్తిగా అరిగిపోయింది, పుల్లల పని గారూ మీ మాట నిజమే.

మామూలుగా పెడితే ఎడమ సందు 8 మి.మీ., కుడి సందు 12.
చక్రం తిరగేసి పెడితే ఎడమ సందు 4, కుడి సందు 16.

రెండుసార్లూ ఎడమకే ఉంది. కానీ ఒకేలా లేదు.

లేత్ మాస్టారు
బాగా కొలిచావు. రెండుసార్లూ మొత్తం 20 వచ్చింది, అంటే కొలతలో పొరపాటు లేదు.

8, 12 అంటే రిమ్ము మధ్య నుంచి 2 మి.మీ. ఎడమకి ఉంది. 4, 16 అంటే 6 మి.మీ. ఎడమకి. ఈ రెండింటి సగటు 4. అది ఫ్రేము వాటా. రెండింటి తేడాలో సగం 2. అది చక్రం వాటా. షాపులో రిమ్ముని కుడికి 2 మి.మీ. లాగారు, ఫ్రేము తప్పులో సగం చక్రంతో కప్పిపెట్టారు. వాళ్లని తప్పుపట్టను, కస్టమర్ అడిగింది రాపిడి పోవాలనే. కానీ తప్పు మీద తప్పు పేర్చితే బ్రేకు రబ్బర్లు ఎక్కడ తగలాలి? అందుకే ఒకటి గాల్లో ఉంది.

ఇప్పుడు ఫ్రేము ఎటు వంగిందో చూడాలి. దారం పరీక్ష చెయ్యి. చక్రం విప్పేయి. సాగని సన్న దారం తీసుకో. ఒక వెనక గాడి దగ్గర కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, వెనక రెండో గాడికి తెచ్చి బిగువుగా కట్టు. రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండాలి. సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో కొలువు. సమానంగా ఉంటే వెనక భాగం మధ్యలో ఉన్నట్టు.

ఏటిమొగ
దారానికి వల అల్లే నైలాన్ వాడండి. మా నర్సాపురం వైపు ఏ పచారీ కొట్లో అయినా దొరుకుతుంది. పురికొస వద్దు, దాని పీచు లావే ఒక మిల్లీమీటరు ఉంటుంది.

ముగ్గుల టీచరు
నా దగ్గర దారం కంటే సులువైనది ఉంది. గచ్చు మీద సుద్దతో తిన్నని గీత గీయండి. రెండు టైర్లకీ తడి ముగ్గుపిండి పూసి, హ్యాండిల్ కదలకుండా పట్టుకుని ఆ గీత వెంట బండి తోయండి. రెండు చక్రాల జాడ ఒకటే పడితే సరి. పక్కపక్కన రెండు జాడలు పడితే వెనక చక్రం అంత పక్కకి ఉన్నట్టు. మా అబ్బాయి సైకిల్‌కి ఇలాగే చూశాం. మా స్కూలు వరండాలో పిల్లలంతా చుట్టూ చేరారు.

పుల్లల పని
టీచరు గారూ, చాలా బాగుంది. కాకపోతే అది మొత్తం తేడా చెప్తుంది, ఎవరి వాటా ఎంతో చెప్పదు. పని అయ్యాక ఆఖరి పరీక్షకి ఇదే సరైనది.

కాలవగట్టు
దారం ఎడమ పక్క 30 మి.మీ., కుడి పక్క 24. మూడుసార్లు కొలిచాను. గాడుల మధ్య లోపలి దూరం 111, హబ్బు (చక్రం మధ్య ఇరుసు ఉండే దిమ్మ) వెడల్పు 110.

నాన్నని అడిగితే ఒక విషయం చెప్పారు. ఒక వర్షాకాలం ఏటిగట్టు దిగుతుంటే బురదలో జారి, గెలల లోడుతో సహా బండి కుడి పక్కకి పడిపోయిందట. తాతగారి మోచేతి మీద మచ్చ అప్పటిదేనట. ఆ మచ్చ నేను చిన్నప్పుడు చూశాను, ఎలా వచ్చిందో ఇన్నాళ్లూ తెలీదు.

లేత్ మాస్టారు
అంతా అతికింది. కుడికి పడితే నేల తగిలి వెనక భాగం ఎడమకి నెట్టుకుపోతుంది. గాడుల మధ్య దూరం దాదాపు సరిగానే ఉంది కాబట్టి ఒక్క పక్క కాదు, రెండు పక్కలూ కలిసి ఎడమకి జరిగాయి. దారం దగ్గర తేడా 6, అంటే అక్కడ మధ్య నుంచి 3 జరిగింది. దారం ముందుకి పోతూ సన్నబడుతుంది కాబట్టి గాడుల దగ్గర అసలు జరుగుడు 5 మి.మీ. దాకా ఉంటుంది. రెండు పక్కల్నీ ఆ 5 కుడికి తేవాలి.

కొబ్బరాకు
పొడుగాటి మరబోల్టు గాడుల మధ్య పెట్టి నట్లు తిప్పితే జరగదా? వీడియోల్లో అలాగే చేస్తున్నారు.

లేత్ మాస్టారు
అది వెడల్పు పెంచడానికి. వెడల్పైన కొత్త హబ్బు పట్టాలంటే అలా చేస్తారు. అందులోనూ చిక్కుంది, రెండు పక్కల్లో ఏది బలహీనంగా ఉంటే అదే ముందు వంగుతుంది, మధ్య తప్పుతుంది. ఈ తమ్ముడికి వెడల్పు సరిగానే ఉంది. కావాల్సింది జరపడం.

ఉప్పుగాలి
వంచే ముందు ఒక్కమాట. మాది భీమవరం దగ్గర, చెరువుల మధ్య ఇల్లు. మా నాన్న పాత సైకిల్‌కి ఇలాగే వెనక భాగం వంకరుంటే నేనే కర్ర పెట్టి నొక్కాను. పైన రంగు చెక్కుచెదరలేదు. చేతిలో 'టిక్' అని చిన్న చప్పుడు, అంతే. కింది గొట్టం బీబీ (పెడళ్ల ఇరుసు తిరిగే గూడు) దగ్గర చీలిపోయింది. చీలికలోంచి కాఫీపొడిలాంటి తుప్పు నేల మీద కుప్పపడింది. ఏళ్ల తరబడి లోపల నీళ్లు నిలిచి గొట్టం రేకులా తయారైంది. నాన్న ఏమీ అనలేదు. ఆ ముక్కలు రెండూ ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

సావిడిలో 18 ఏళ్లంటే పశువుల మూత్రం తడి, వర్షం తడి రెండూ తగిలి ఉంటాయి. ముందు గొట్టాల లోపల చూడండి.

లేత్ మాస్టారు
ఇది నేనే ముందు చెప్పాల్సింది. అమ్మా, మంచి పని చేశావు. తమ్ముడూ, చిన్న సుత్తితో గొట్టం పొడుగునా మెల్లగా తట్టు. గట్టి గొట్టం ఖంగుమంటుంది, తుప్పు తిన్న గొట్టం మొద్దుగా పలుకుతుంది. కింది గొట్టాల మీద సన్నటి గాలి కన్నాలుంటే ఫ్రేముని ఊపి చూడు, ఎంత తుప్పు రాలుతుందో తెలుస్తుంది. బీబీ దగ్గర, గాడి పలకల దగ్గర సూది మొనతో గట్టిగా నొక్కు. దిగబడితే వంచడం మాట మర్చిపో. గొట్టానికి లోతు సొట్ట ఉన్నా వద్దు, సొట్ట దగ్గరే మడత పడుతుంది. వీటిలో ఏది ఉన్నా ఆ గొట్టం మార్పించుకోవాలి.

కాలవగట్టు
తట్టాను. అన్నిచోట్లా ఖంగుమంది. ఊపితే చిటికెడు తుప్పు రాలింది, ఒక ఎండిపోయిన కందిరీగ గూడు కూడా. సూది దిగలేదు. బండిని సావిడిలో ఎత్తు అరుగు మీద పెట్టారు, అందుకే బతికిందనుకుంటా. ఉప్పుగాలి గారూ, చెప్పినందుకు చాలా థాంక్స్.

లేత్ మాస్టారు
అయితే ఆదివారం పని పెట్టుకో. ఒక్కడివీ చేయకు, ఫ్రేము పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

ఆరడుగుల సరుగుడు బాదు తీసుకో, మణికట్టంత లావుది. గొట్టాలకి తగిలేచోట పాత ట్యూబు ముక్కలు చుట్టు. మొదట కుడి పక్క. బాదు ముందు కొస సీటు గొట్టానికి కుడివైపున ఆనాలి, కిందగా, బీబీకి దగ్గరలో. వెనక్కి వస్తూ అది కుడి గాడికి లోపలి వైపు నుంచి తగలాలి. ఇప్పుడు వెనక కొసని కుడికి లాగితే కుడి గొట్టం బయటికి వస్తుంది. ఎడమ పక్కకి, బాదు ముందు కొస అదే చోట, సీటు గొట్టానికి కుడివైపే. అక్కడి నుంచి ఎడమ త్రికోణంలోంచి బయటికి వచ్చి ఎడమ గాడికి బయటి నుంచి తగలాలి. మళ్లీ కుడికే లాగడం.

మొదటి రెండు మూడు లాగుళ్లకి ఏమీ జరగదు. గొట్టం స్ప్రింగులా వెనక్కి వచ్చేస్తుంది. అప్పుడే విసుగొచ్చి ఒక్కసారిగా వేలాడతారు, అక్కడే పాడవుతుంది. ప్రతిసారీ పోయినసారి కంటే ఒక వేలెడు ఎక్కువ లాగు, వదులు, దారం కట్టి కొలువు. నువ్వు రెండంగుళాలు లాగితే ఒక మిల్లీమీటరు మిగలొచ్చు. అది మిగలడం మొదలైందంటే ఇక ప్రతి లాగుడుకీ కొంచెం కొంచెం వస్తుంది. దారం తేడా 1 మి.మీ. లోపు వస్తే ఆపెయ్. సున్నా కోసం పాకులాడకు.

కొలిమి వీధి
2 మి.మీ. ఉన్నా ఈ బండ్లకి ఏమీ కాదు. గెలలు మోసే బండికి రేసు బండి లెక్కలెందుకు?

పుల్లల పని
2 మి.మీ. తో నడుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఒకసారి బాదు చేతపట్టాక 2 దగ్గర ఆపడానికీ 1 దగ్గర ఆపడానికీ పది నిమిషాలే తేడా. ఆ పది నిమిషాలు పెట్టొచ్చు.

లేత్ మాస్టారు
ఇంకోటి, చాలామంది మర్చిపోయేది. గొట్టాలు జరిగాక గాడి పలకలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు. అలాగే నట్లు బిగిస్తే ఇరుసు వంగుతుంది, కొన్నాళ్లకి విరుగుతుంది. త్రీ బై ఎయిట్ బోల్టులు పొడుగువి 2 తీసుకుని, ఒక్కో గాడిలో ఒక్కోటి, రెండు పక్కలా నట్టుతో బిగించు. రెండు కొసలూ మధ్యలో ముక్కూ ముక్కూ ఆనుకున్నట్టు ఎదురెదురుగా రావాలి. ఒకటి పైకో, ముందుకో చూస్తుంటే పెద్ద స్క్రూపానాతో పలక పట్టుకుని మెల్లగా తిప్పు. అది సరిగా వచ్చాకే చక్రం.

కాలవగట్టు
ఈరోజు చేశాం. నాన్న ఫ్రేము పట్టుకున్నారు, నేను బాదు లాగాను. మాస్టారు చెప్పినట్టే మొదటి నాలుగు లాగుళ్లకి దారం దగ్గర వెంట్రుకంత తేడా కూడా రాలేదు. చాలా టెన్షన్ పడ్డాను. ఐదోదానికి కుడి పక్క 25 అయింది. నాన్న దారం వేలితో మీటి "ఇప్పుడు వింటోంది" అన్నారు. అక్కడి నుంచి కుడి పక్క 3 లాగుళ్లు, ఎడమ పక్క 6. ఆఖరికి ఎడమ 27, కుడి 27, స్కేలు పట్టే చెయ్యి వణికి 26 కూడా వచ్చింది ఒకసారి. గాడుల మధ్య 109 అయింది, ఎడమ కాస్త ఎక్కువ వచ్చినట్టుంది. హబ్బు చేత్తో కొంచెం విడదీస్తే కూర్చుంటోంది.

బోల్టుల పరీక్షలో ఎడమది ముందుకి చూస్తోంది. స్క్రూపానాతో సరిచేశాం. ఎడమ గాడి దగ్గర రంగు కొంచెం లేచింది, పగులు లేదు, భూతద్దంతో చూశాను.

లేత్ మాస్టారు
109 పర్లేదు, అలాగే ఉంచు. ఇప్పుడు చక్రానికి షాపులో ఇచ్చిన 2 మి.మీ. వెనక్కి తీసేయాలి. వెనక రిమ్ముకి 40 పుల్లలుంటాయి, 20 కుడి, 20 ఎడమ. రిమ్ము ఎడమకి రావాలి కాబట్టి, కుడి వరుస నిపుల్స్ (పుల్లల కొస మరలు) అన్నీ అర చుట్టు వదులు, తర్వాత ఎడమ వరుస అన్నీ అర చుట్టు బిగించు. వాల్వు కన్నం దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగించు, ఒక్కటీ వదలకు. ఫ్రేములో పెట్టి చూడు. చాలకపోతే పావు చుట్టు. తుప్పు పట్టిన నిపుల్స్‌కి రాత్రే నూనె చుక్క వెయ్, లేకపోతే పుల్ల మెలి తిరిగి తెగుతుంది.

ఉప్పుగాలి
పని అయ్యాక గాలి కన్నాల్లోంచి గొట్టాల లోపలికి కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి, ఫ్రేముని అన్ని పక్కలా తిప్పి, ఒక రాత్రి కారనివ్వండి. లేచిన రంగు దగ్గర వెంటనే ప్రైమర్ వేయండి. మన గాలికి వారం చాలు, తుప్పు మొదలవడానికి.

కాలవగట్టు
రెండు రోజులు పట్టింది. 3 పుల్లలు తెగాయి, కొత్తవి వేశాను. సందు ఇప్పుడు ఎడమ 10, కుడి 10. కొత్త వాషర్లు వేశాను. బ్రేకు రబ్బర్లు రెండూ రిమ్ముకి ఒకేసారి తగులుతున్నాయి. టీచరు గారి ముగ్గుపిండి పరీక్ష అరుగు మీద చేశాం, ఒకటే జాడ. అమ్మ దాన్ని చెరపనివ్వట్లేదు.

సాయంత్రం నాన్న ముందు ఎక్కారు. కాలవగట్టు మీద లాకుల దాకా వెళ్లి వచ్చారు. వస్తూ వస్తూ వంతెన దిగాక రెండు చేతులూ వదిలేశారు, అరవై దాటిన మనిషి.

ముగ్గుల టీచరు
ఆ జాడ ఫోటో పెట్టండి, మా పిల్లలకి చూపిస్తాను.

పుల్లల పని
కొత్తగా బిగించిన పుల్లలు సర్దుకుంటాయి. 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బెండు చూసుకో. నట్లు కూడా.

లేత్ మాస్టారు
చైను వరస చూశావా? వెనక భాగం 5 మి.మీ. కుడికి వచ్చింది కాబట్టి ఫ్రీవీల్ కూడా వచ్చింది. ముందు పళ్ల చక్రానికి పొడుగు స్కేలు ఆనించి వెనక్కి చూడు, ఫ్రీవీల్ పళ్లు ఆ గీతలో ఉండాలి.

కాలవగట్టు
చూశాను మాస్టారూ, గీతలోనే ఉంది. చప్పుడు కూడా లేదు. ఒక్కటి మిగిలింది, ఎడమ పెడలు తొక్కినప్పుడల్లా 'టక్' అంటోంది. కాటర్ పిన్ను (పెడలు కాడని ఇరుసుకి పట్టి ఉంచే మేకు) అరిగిందనుకుంటున్నాను. దానికి వేరే చర్చ మొదలుపెడతాను.